దండ పడ్డాకే స్విచ్

అమీర్‌పేట,
జనవరి 28.

అండాలక్కా,

నువ్వు ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి ధర్మపురి సత్రంలో వంటకు కుదిరినప్పటి నుంచి నాకు ఈ రాత పని పడింది. పోస్టాఫీసులో స్టాంపు అడిగితే కౌంటర్లో ఉన్నామె లేచి నిలబడి మరీ నా ముఖం చూసింది.

ఇక్కడ కొత్త గోల. నవంబరులో కార్మిక చట్టాలు మారాయి కదా, లేబర్ కన్సల్టెంట్ నరేశ్ మన బోర్డుల దుకాణానికొచ్చి, నా చాయ్ తాగి, నన్నే భయపెట్టి పోయాడు. పనిచేసే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలట. నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి మన ఖర్చుతో ఆరోగ్య పరీక్ష చేయించాలట. మన కరెంటు పని చూసే అజ్మత్ అలీ భాయ్ తన నియామక పత్రానికి లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. "ఇన్నేండ్ల సంది చేస్తున్న సేట్, ఇయ్యాల్నే నౌకరీ దొరికినట్టున్నది," అంటాడు. పరీక్ష చేయిస్తే ఆయనకు షుగర్ లేదు. తోడు పోయిన నాకు ఉన్నది. నేను పనివాణ్ణి కాదట, నా పరీక్ష ఖర్చు నాదేనట. దుకాణం పటంలోని మన నరసింహస్వామి వయసూ నలభై దాటిందే, ఆయన పరీక్ష ఎవరి ఖాతాలో రాయాలని నరేశ్‌ను అడిగాను. నవ్వలేదు.

గిరాకీ బాగానే ఉంది. కోచింగ్ సెంటర్లన్నీ పైథాన్ బోర్డు దించి ఏఐ బోర్డు ఎక్కిస్తున్నాయి. లోపల చెప్పేవాడు మాత్రం పాతవాడే.

ఇంకో చిన్న విషయం. పోయిన శనివారం పొద్దున బోర్డులు కట్టే మన మహిపాల్ పంజాగుట్టలో బండి మీద నుంచి పడ్డాడు. ఎవడో అడ్డమొస్తే తప్పించబోయి డివైడర్‌కు కొట్టాడు. కాలు విరిగింది. దుకాణం బయట, పని మొదలు కాకముందు జరిగింది కాబట్టి మనకు సంబంధం లేదు. అయితే ఆడవాళ్ల పేరు మీదైతే వడ్డీ తక్కువని బ్యాంకు లోను కోసం దుకాణం నీ పేరున పెట్టాం కదా. కాగితాల మీద యజమానివి నువ్వే. ఇందులో పెట్టిన కాగితం మీద సంతకం చేసి పంపు. చదవనక్కర్లేదు.

నీ తమ్ముడు
రాఘవేందర్

*

ధర్మపురి,
ఫిబ్రవరి 3.

రాఘవా, ఆశీస్సులు.

చదవనక్కర్లేదు అన్నావు కాబట్టి రెండుసార్లు చదివాను.

మహిపాల్ దోసె తినడానికని సొంత పని మీద పంజాగుట్ట పోయాడని అందులో ఉంది. మహిపాల్ శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. దీపం పెట్టేదాకా చాయ్ కూడా ముట్టడు. మనింటికి వచ్చినప్పుడు నీ పళ్లెం మీద తప్ప పక్కవాళ్ల పళ్లెం మీద నీ దృష్టి ఎప్పుడూ లేదు, అందుకే నీకు తెలియదు.

బోరబండ నుంచి వచ్చేవాడికి ముందు అమీర్‌పేట తగులుతుంది. దుకాణం దాటుకొని పంజాగుట్ట దాకా ఎందుకు పోయాడు? అది రాయి. కాలు ఎట్లా ఉన్నదో నీ ఉత్తరంలో లేదు. అది ముందు రాయి.

స్వామికి బీపీ ఉన్నది. ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది, పరీక్ష అక్కర్లేదు.

సంతకం పెట్టలేదు.

అక్క

*

అమీర్‌పేట,
ఫిబ్రవరి 12.

అక్కా,

నువ్వు దేవుడి దగ్గర ఉన్నావో, పోలీస్ స్టేషన్‌లో ఉన్నావో నాకు అర్థం కావడం లేదు.

ముందు కాలు. లోపల రాడ్ వేశారు. నడుస్తాడు, కానీ కుంటుతాడు. నిచ్చెన ఎక్కడం ఇక కుదరదని డాక్టర్ చెప్పాడు. ఆసుపత్రికి ఆపిల్ పండ్లు తీసుకొని పోయాను. వాని భార్య నవీన వాటిని ముట్టలేదు. "అన్నా, నిచ్చెన ఎక్కకుంటే ఈనకు ఇంకేం పని ఒస్తది? మీరే చెప్పుండ్రి," అన్నది. నేనేం చెప్పను? ఆపిల్ కోయమని చెప్పాను.

ఇప్పుడు నా బాధ విను. ఇంతకుముందు మనిషి ఇంటి నుంచి వచ్చే దారిలో పడితే చాలావరకు యజమాని నెత్తికి వచ్చేది కాదు. కొత్త చట్టంలో ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే దారిలో జరిగినా, దానికీ పనికీ లంకె ఉన్నదని తేలితే చాలు, పనిలో జరిగినట్టే. అంటే వాని గడప నుంచి మన గడప దాకా ఉన్న గుంతలన్నీ నావే. గుంత నేను తవ్వలేదు, పూడ్చే అధికారం నాకు లేదు, పడ్డవాడి కాలు మాత్రం నాది. మన దగ్గర పదిమంది లేరు కాబట్టి ఈఎస్ఐ వర్తించదు, పరిహారం మనమే కట్టాలి. బీమా పాలసీ ఉన్నది కానీ పనిలో జరిగినదానికే. దారి కూడా కలుపుకోండి సార్, ప్రీమియం కొంచెం పెరుగుతుంది అని ఏజెంటు డిసెంబరులో వెంటపడ్డాడు. "బోరబండ ఎంత దూరం? తుమ్మితే వినబడతది," అని పంపించాను.

నరేశ్ ఒక ఉపాయం చెప్పాడు. మహిపాల్ దుకాణం దాటి ముందుకు పోయి పడ్డాడు. అది పనికొచ్చే దారి కాదు, సొంత తిరుగుడు. లంకె తెగింది. అంతే. పంజాగుట్టలో వాడు ఏం చేస్తున్నాడో నాకెట్లా తెలుస్తుంది? దోసె కాకపోతే ఇడ్లీ. శనివారం అంటే పండ్ల రసం అని మార్పించి మళ్లీ పంపిస్తున్నాను.

స్వామి గురించి ఫికర్ పెట్టుకోకు. ప్లాస్టిక్ దండ వేశాం. అజ్మత్ భాయ్ దానికి ఎల్ఈడీ బల్బులు అమర్చాడు. ఆగి ఆగి వెలుగుతుంది. గిరాకీలు వచ్చి ఇదేం కోచింగ్ సెంటర్ అని అడుగుతున్నారు.

రాఘవేందర్

*

ధర్మపురి,
ఫిబ్రవరి 20.

రాఘవా,

ప్లాస్టిక్ దండ ఎందుకు వచ్చిందో రాయలేదు. నేను రాస్తాను.

పూలు తెచ్చే మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి.

అమీర్‌పేటలో అడుగుకో పూలబండి ఉన్నది. అయినా పంజాగుట్టలో లచ్చమ్మ దండే కావాలన్నది నేను. తలస్నానం చేసి గాని దారం ముట్టదు, నడుమ నడుమ మరువం పెడుతుంది, పూలు వాసన చూడదు. ఆ దండ స్వామి మెడలో పడ్డాకే మెయిన్ స్విచ్ వేయాలన్నదీ నేనే. నేను ఇక్కడికి వచ్చాక నువ్వు ఆపి ఉండవచ్చు. ఆపలేదు. ఒకసారి దండ లేకుండా స్విచ్ వేస్తే ప్రింటింగ్ మెషిన్ కాలిపోయిందని నాకంటే నీకే భయం ఎక్కువ. ప్రతి సాయంత్రం మహిపాల్ బండి తీసేటప్పుడు "దండ మర్చిపోకురా" అని అరిచేది నువ్వే.

ఇదంతా తెలిసి దోసె అని రాశావు. తరువాత పండ్ల రసం. ఇంకో ఉత్తరం రాస్తే బిర్యానీ అయ్యేది.

రెండు కాగితాలూ పొయ్యిలో పెట్టాను. పప్పు తొందరగా ఉడికింది.

జపానికి కూర్చుంటే స్వామి పాదాలు కనబడటం లేదు. మహిపాల్ కాలు కనబడుతున్నది.

అక్క

*

అమీర్‌పేట,
మార్చి 1.

అక్కా,

అవును. దండకే పోయాడు. పడ్డప్పుడు హ్యాండిల్‌కు దండ తగిలించే ఉన్నది. నేనే తీసి పారేశాను.

ఇప్పుడు చెప్పు, ఏం చేద్దాం? నువ్వు నిజం రాసి సంతకం పెడతావు. స్వామి సంతోషిస్తాడు. దుకాణం అమ్మాలి. అజ్మత్ భాయ్, మిగతావాళ్లు రోడ్డు మీద పడతారు. నా ఇల్లు ఎట్లా నడుస్తుంది? కోచింగ్ సెంటర్ల వాళ్లు సగంమంది బోర్డులకు బాకీ ఉన్నారు. నీకు రెండు పూటలా సత్రం భోజనం, గోదావరి స్నానం. కరెంటు బిల్లు కట్టేది నేను. నిచ్చెన కింద పట్టుకొని నిలబడేది నేను. యజమానివని నీకు ఇన్నేళ్లకు ఇప్పుడు గుర్తొచ్చిందా?

ఇంకోటి. నేను మహిపాల్‌ను బలవంతం చేయలేదు. సొంత పని మీద పోయానని వాడే రాసిస్తానన్నాడు. ఏమన్నాడో తెలుసా? "అక్క పూల కోసం పోయి పడ్డనంటే అక్క పేరు ఖరాబైతది సేట్. ఆమెకు తెల్వనియ్యకుండ్రి."

వాడే ఒప్పుకున్నాక నీకేం?

రాఘవేందర్

*

ధర్మపురి,
మార్చి 6.

రాఘవా,

గుర్తొచ్చింది. వస్తున్నాను.

నృసింహ జయంతి దాకా ఇక్కడ వంట చేస్తానని మొక్కుకున్నాను. ఆ చోటు ఖాళీ ఉంచకూడదు. నువ్వు రా. సొరకాయలు తరగడం వస్తే చాలు. ఫోన్ బీరువాలో నా ఫోన్ పక్కన పెట్టి రా. అవి మాట్లాడుకుంటాయి.

నీ ఫిబ్రవరి ఉత్తరం మళ్లీ చదివాను. దారిలో జరిగినదానికి పాలసీ లేదు, పనిలో జరిగినదానికి ఉన్నది అన్నావు. సొంతంగా పోయాడంటే దారి. యజమాని పంపితే పోయాడంటే అది పనే. యజమానిని నేను. పంపింది నేను. ఇది నరేశ్‌కు తోచకపోవడానికి కారణం, నువ్వు నరేశ్‌కు కూడా దోసె అనే చెప్పావు.

కంపెనీవాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోయినా నేను రాసేది ఇదే.

రెండు జతల పాత బట్టలు తెచ్చుకో. పసుపు మరకలు పోవు.

అక్క

*

ధర్మపురి,
మార్చి 25.

అక్కా,

సొరకాయ తరుగుతూ వేలు కోసుకున్నాను. ఇక్కడ యజమాని ఎవరని మేనేజర్‌ను అడిగాను. స్వామే అన్నాడు. స్వామికి పాలసీ ఉందా అని అడిగాను. పసుపు అద్ది పంపించాడు.

వంటశాల పెద్దమ్మ నన్ను 'హైదరాబాద్ సారు' అంటుంది. "మీ అక్క గీ పాటికి రెండు గంపలు ఒడగొట్టేది. నువ్వు ఒక్క కాయతోని ముచ్చట పెడుతున్నవు," అని అందరి ముందూ అన్నది. తరిగిన ముక్కలు చూసి ఇవి పప్పులోకా, పశువుల తొట్టిలోకా అని కూడా అడిగింది. వేలికి కట్టు ఉన్నదని చూపిస్తే, రెండో చేయి ఉన్నది కదా అన్నది. నాలాంటి యజమాని ఈమె ఒక్కతే కనబడింది.

ఒక వేలు పనిచేయకపోతే అంగీ గుండీ పెట్టుకోవడానికి ఇంతసేపు పడుతుందని నాకు తెలియదు. ఆసుపత్రికి ఆపిల్ పండ్లు తీసుకొని పోయానని నీకు రాశాను కదా. అది గుర్తొచ్చి అన్నం సహించలేదు. మధ్యాహ్నం మాత్రమే. సాయంత్రం తిన్నాను.

నీకు చెప్పనిది ఒకటి మిగిలింది. పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని అందరి జీతాలూ తక్కువ చూపించాను. కంపెనీ ఒప్పుకున్నా ఆ తక్కువ జీతం మీదనే లెక్క కడుతుంది. మిగిలింది మన మీద పడుతుంది. తిడతావని చెప్పలేదు. ఇప్పుడు వంటశాల పెద్దమ్మ తిట్లకు అలవాటు పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

దుకాణం ఉన్నదా, ఊడిందా? మహిపాల్ ఏమన్నాడు? దండ సంగతి రాశావా? తొందరగా జవాబు రాయి. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ వస్తే నేను ప్రసాదం కంటే ముందు పోయి నిలబడుతున్నాను.

రాఘవేందర్

*

అమీర్‌పేట,
ఏప్రిల్ 9.

రాఘవా, ఆశీస్సులు.

దుకాణం ఉన్నది.

వచ్చిన రోజే బోరబండ పోయాను. మహిపాల్ లేవబోయాడు, వద్దన్నాను. "అక్కా, దోసె తిన్ననని రాస్తే ఏం పోతది? నేను రాస్త," అన్నాడు. "శనివారం పొద్దు పోతది," అన్నాను. నవ్వాడు. నవీన నవ్వలేదు. "మీరు నవ్వుకోండి, బియ్యం ఎవరు తెస్తరు?" అని అడిగింది. ఆ ఇంట్లో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. దండ నేనే తెప్పించుకున్నానని కంపెనీకి రాసి, ఆమెకు చదివి వినిపించి, సంతకం పెట్టాను.

బీమా కంపెనీ నుంచి విచారణకు రఘురామ్ గారని ఒకాయన వచ్చారు. విజయవాడ వైపు మనిషి. పొద్దున్నే, షట్టర్ తీసే వేళకే వచ్చారు. కుర్చీ వేశాను. ఈ ఎండల సంగతి నీకు తెలుసు, మన రేకుల కప్పు సంగతీ తెలుసు.

"ఏంటమ్మా ఇది? దండ తేవడం కూడా ఉద్యోగమేనా? బోర్డులు కట్టే కుర్రాడికి పూలతో ఏంటి పని?" అన్నారు.

"మా దుకాణంలో మొదటి పని అదేనండి," అన్నాను.

"అది మీ భక్తి అండీ. వ్యాపారం కాదు. రెండూ కలపకూడదు." చేతి రుమాలు తీశారు. "కాస్త ఫ్యాన్ వేయించండి."

"దండ రాలేదండి."

ఆయన అజ్మత్ అలీ వైపు చూశారు. అజ్మత్ అలీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"సాబ్, నేను పొద్దుగాల ఫజర్ నమాజ్ చదివి ఒస్త. అయినా దండ పడంది వైరు ముట్ట. ముడితే అక్క ఊకోదు. మహిపాల్ సెలవు పెట్టిన నాడు పంజాగుట్టకు దండకు నేనే పోయిన. మా మస్జిద్ కాడ పూలు దొరుకుతయ్ అక్కా అంటే సుత ఇనలే. లచ్చమ్మ దండే కావాలె అన్నది. ఇది నౌకరీ కాకపోతే మరేంది సాబ్? శౌకా, సరదానా?"

"అయితే మిషన్లు?"

"బంద్."

"లైట్లు?"

"బంద్. మీరు కూడ బంద్ సాబ్, జర కూసోండి."

కూర్చున్నారు. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇద్దరు గిరాకీలు వచ్చి, చీకట్లో మమ్మల్ని చూసి, దండ రాలేదని అర్థమై, తరువాత వస్తామని పోయారు. అది ఆయన చూశారు. ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. బోర్డు ఎప్పుడు పంపుతారని. దండ పడ్డాక అని అజ్మత్ అలీ చెప్పాడు. అటువైపు వాళ్లు మంచిదన్నారు. అది ఆయన విన్నారు.

లచ్చమ్మ ఆటో దిగింది. ఆ రోజు తెచ్చేవాళ్లు లేక ఆమెనే రమ్మన్నాను. ఆయన్ను చూసి, "ఈయనెవరు, గింత చెమట పోసిండు? దండకు గిట్ల కాపల కూసునేటోన్ని ఎన్నడు చూడలే," అన్నది. దండ వేశాను. హారతి ఇచ్చాను. అజ్మత్ అలీ స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది. రఘురామ్ గారు కళ్లు మూసుకొని స్వామికి దండం పెట్టారు. అంత భక్తితో పెట్టినవాళ్లను నేను ధర్మపురిలో కూడా చూడలేదు.

"రాస్తానండి," అన్నారు. "యజమాని ఆజ్ఞ ప్రకారం, దుకాణం నడవడానికి తప్పనిసరైన రోజువారీ పని అని రాస్తాను. ఇది రాస్తే మా ఆఫీసులో నన్ను చూసి నవ్వుతారు. నవ్వేవాళ్లను ఇక్కడికే పంపిస్తా, మే నెలలో."

కంపెనీ ఒప్పుకున్నది. నువ్వు చూపించిన జీతం మీదనే. నీ ఉత్తరం అందేసరికే ఆ సంగతి కంపెనీ నాకు చెప్పింది. తిట్టాలనుకున్నాను. వేలు కోసుకున్నావని చదివి ఆగాను. మిగిలిన పరిహారం మనం కట్టాలి. పెద్ద ప్రింటింగ్ మెషిన్ కోసం దాచింది తీసి కట్టాను. మెషిన్ ఇప్పట్లో రాదు. పాతదాన్ని మర్యాదగా వాడు.

పాలసీ మార్పించాను. అసలు జీతాలు చూపించాను, దారి కూడా కలిపాను. ప్రీమియం బాగా పెరిగింది. బోర్డుల ధర పెంచాను. అరిచారు. ఇద్దరు వేరే దుకాణానికి పోయారు, ఒకరు తిరిగొచ్చారు. మిగతా వాళ్లకు చెప్పేది ఒకటే చెప్పాను: నిచ్చెన ఎక్కే మనిషి ధర కూడా బోర్డు ధరలోనే ఉంటుంది, ఇన్నాళ్లూ మేము వేయలేదు.

మహిపాల్ కుంటుతూనే వస్తున్నాడు. ఆ కాలు ఇక అంతే. దాన్ని నేనూ, నువ్వూ, కంపెనీ ఎవరమూ బాగుచేయలేము. మనకు బాకీ ఉన్న కోచింగ్ సెంటర్‌లో డబ్బు బదులు డిజైన్ కోర్సులో సీటు అడిగాను. ఇచ్చారు. మొదటి రోజు తోడు పోయాను. మహిపాల్ గుమ్మం ముందు ఆగి పైకి చూశాడు. "అక్కా, గీ బోర్డు నేనే ఎక్కించిన. లోపట ఏం చెప్తరో ఎన్నడు చూడలే," అన్నాడు. రాగానే కంప్యూటర్ ముందు కూర్చొని బోర్డులు గీస్తాడు. జీతం అదే. నవీన ఇప్పుడు చాయ్ తాగమని అడుగుతున్నది. ఇంకా నవ్వలేదు. తొందర లేదు.

ఎల్ఈడీ దండ తీసేయించాను. అజ్మత్ అలీ బాధపడ్డాడు. దుకాణం గుమ్మానికి కట్టుకోమన్నాను.

ఇకనుంచి దండకు నేనే పోతాను. దారిలో నాకేమైనా అయితే ఎట్లా అని నరేశ్‌ను అడిగాను. చట్టమంతా తిరగేశాడు. యజమానికి ఏ పరిహారమూ లేదట. కాబట్టి బండి, ఆటో వద్దనుకొని ఎండ ఎక్కకముందే నడిచి పోతున్నాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పచ్చ పడ్డా రెండు వైపులా చూస్తున్నాను. స్విచ్ కొంచెం ఆలస్యమవుతున్నది. స్వామి ఏమీ అనలేదు. ఇన్నాళ్లూ తొందర ఆయనది కాదు.

జయంతి అయ్యాక రా. సొరకాయ సన్నగా తరుగు.

అక్క